కాళహస్తి వ్రాతపని: ఒక ఇంటి కథ

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

పండుగపూట బరువైన ఉపన్యాసము వద్దని కార్యదర్శిగారు ముందే హెచ్చరించినారు. అందుచేత బొమ్మలు వ్రాసే ఒక ఇంటిని గురించి చెప్పదలచుకొన్నాను. తాత వ్రాసినాడు, తండ్రి వ్రాసినాడు, కొడుకు వ్రాస్తున్నాడు. వినడానికి ఇంతే కథ. కాని ఒక విద్య తండ్రి చేతిలోనుంచి కొడుకు చేతిలోకి ఎట్లా వస్తుంది, ఎక్కడ జారిపోతుంది, జారిపోకుండా ఎవరు పట్టుకొన్నారు అనే ప్రశ్న ఉన్నదే, అది సొంత ఊరు విడిచి వచ్చి ఇంకొక చోట సంసారము పెట్టుకొన్న మనబోటివారికి చాలా దగ్గరి ప్రశ్న.

ఇక్కడ చింతామణిలో బస్సెక్కి మదనపల్లె మీదుగా తిరుపతికి, అక్కడినుంచి శ్రీకాళహస్తికి వెళ్ళి వచ్చినవారు ఈ సభలో చాలామంది ఉంటారు. స్వామి దర్శనము చేసుకొని, రాహుకేతు పూజ చేయించుకొని, సాయంకాలము బస్సుకు తిరిగి వచ్చేస్తాము. ఆ గుడికి అల్లంత దూరములో, స్వర్ణముఖి ఒడ్డున ఉన్న వీధులలో, నూలుగుడ్డమీద వెదురుపుల్లతో రామాయణమంతా వ్రాసే మనుషులు ఉన్నారని మనలో కొందరికే తెలుసు. ఆ పనిని లోకము కలంకారీ అంటున్నది. పారసీకములో కలము అంటే కలమే, కారీ అంటే పని. దేశమంతా ఆ పేరే స్థిరపడిపోయింది. కాని దానికి మన తెలుగు పేరు వ్రాతపని. నాకు ఈ పేరే ఇష్టము. బొమ్మ గీసినాడు అని ఈనాటి పిల్లలు అంటారు గాని, మన పెద్దలు బొమ్మ వ్రాసినాడు అనేవారు. అక్షరానికీ బొమ్మకూ ఒకటే క్రియ. కాళహస్తి గుడ్డమీద నిజముగానే రెండూ ఒకే చేత్తో వస్తాయి.

ఆ గుడ్డ ఎట్లా ఉంటుందో చూడనివారికోసము చెబుతాను. పెద్ద దుప్పటి అంత గుడ్డ. నడుమ పెద్ద చౌకములో పట్టాభిషేకము. దాని చుట్టూ, పైనా కిందా, చిన్నచిన్న గళ్ళు వరుసగా ఉంటాయి. పుత్రకామేష్టి మొదలు రావణవధ వరకు ఒక్కొక్క గడిలో ఒక్కొక్క ఘట్టము. ఆ వరుసల నడుమ సన్నని పట్టీలలో కథ తెలుగు అక్షరాలలో నడుస్తూ ఉంటుంది. దేవుడు నీలము, రాక్షసుడు ఎరుపు, ఆడవారి ఒళ్ళు పసుపు. చదువు రానివాడు రంగు చూసి పోల్చుకొంటాడు, చదువు వచ్చినవాడు పట్టీ చదువుకొంటాడు. గుడి గోడకు కట్టేవారు, రథానికి కట్టేవారు, కథ చెప్పేవాడు వెనుక వ్రేలాడదీసుకొని కర్రతో గడి గడి చూపుతూ చెప్పేవాడు. మచిలీపట్నములో కూడా కలంకారీ ఉన్నది. అక్కడ చెక్కబ్లాకులతో అద్దుతారు, లతలూ పువ్వులూ ఎక్కువ. కాళహస్తిలో అచ్చు లేదు, అంతా కలమే.

ఎవరు వ్రాసినారో ఆ పాత గుడ్డలమీద సాధారణముగా ఉండదు. మనకు ఇంకా దగ్గరనే ఉన్న లేపాక్షి సంగతి చూడండి. బాగేపల్లి దాటి హిందూపురము వైపు వెళ్ళినవారందరూ తల ఎత్తి ఆ మండపపు కప్పు చూసి వచ్చినవారే. పదహారవ శతాబ్దములో ఆ గుడి కట్టించిన విరూపణ్ణ పేరు పిల్లలకు కూడా తెలుసు. ఆ కప్పుమీద అంత చక్కని చీరల అంచులు వ్రాసిన చేతుల పేరు ఒక్కటీ మనకు చేరలేదు. డబ్బు పెట్టినవాని పేరు నిలిచి, పని చేసినవాని పేరు పోవడము మన దేశములో పాత అలవాటు.

ఇంతకూ ఆ వ్రాతపని ఒకనాడు సామాన్యమైన సరకు కాదు. మన కోరమాండల్ తీరపు రంగుగుడ్డలకోసము డచ్చివారు, ఇంగ్లీషువారు, ఫ్రెంచివారు ఓడలు కట్టుకొని వచ్చినారు. ఉతికినకొద్దీ వెలిసే గుడ్డలే చూసిన ఐరోపా వారికి ఉతికినకొద్దీ మెరిసే గుడ్డ వింతగా తోచింది. ఎంత కొన్నారంటే, తమ నేతగాళ్ళు చెడిపోతున్నారని 1686లో ఫ్రాన్సు ప్రభుత్వము, 1700లోనూ తిరిగి 1720లోనూ ఇంగ్లండు పార్లమెంటు ఈ గుడ్డలకు అడ్డుకట్ట వేస్తూ శాసనాలు చేయవలసి వచ్చింది. ఆ తరువాత మిల్లు అచ్చుగుడ్డ వచ్చింది. 1868లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞులు చిరివేరు, మంజిష్ఠ వంటి వేళ్ళు ఇచ్చే ఎర్రరంగును సీసాలో తయారుచేసే దారి కనుగొన్నారు. 1897 నాటికి సీసా నీలి కూడా బజారుకు వచ్చింది. నెలల తరబడి నానబెట్టి, ఉడకబెట్టి తీసే రంగు పావుగంటలో దొరుకుతూ ఉంటే ఎవరు ఆగుతారు? జమీందార్ల ఆదరణా తగ్గింది. ఇరవయ్యవ శతాబ్దము సగము గడిచేసరికి కాళహస్తిలో ఈ పని తెలిసినవారు చాలా కొద్దిమంది మిగిలినారు. ఇంకొక ఇరవై ఏళ్ళు అట్లాగే గడిచి ఉంటే ఈనాడు మనము దానిని మ్యూజియములో అద్దము వెనుక చూసుకొనేవాళ్ళము.

ఇక్కడికి మన కథలో మనుషులు ప్రవేశిస్తారు. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు ఏర్పడింది. దానికి అధ్యక్షురాలు కమలాదేవీ చట్టోపాధ్యాయ. పుట్టింది మంగళూరులో, అనగా ఈ కర్ణాటకపు ఆడపడుచే. దేశములో ఏ మూల ఏ చేతిపని కొన ఊపిరితో ఉన్నదో వెదకి, అక్కడ ఒక బడి పెట్టించడము ఆమె పద్ధతి. ఆమె పూనికమీద 1950ల చివరి ఏళ్ళలో కాళహస్తిలో కలంకారీ శిక్షణకేంద్రము మొదలయింది. అందులో పని నేర్పినవారు జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు. తెలిసిన కొద్దిమందిలో ఒకరు.

ఈ మాట అనుకొన్నంత చిన్నది కాదు. చేతివృత్తుల ఇళ్ళ సంగతి మీకు తెలుసు. మన ఇళ్ళలోనే చూడండి, ఆవకాయలో ఏ పాలు ఎంతో కోడలికి చెప్పడానికి అత్తగారికి పదేళ్ళు పడుతుంది. వైద్యుడు మూలిక పేరు చెప్పడు. కంసాలి పొదుగు చెప్పడు. విద్య ఇంట్లోనే ఉంటే కూడు ఇంట్లోనే ఉంటుంది అనేది వాళ్ళ లెక్క, అది తప్పుడు లెక్కా కాదు. అటువంటి లోకములో ఒక పెద్దమనిషి బడిలో కూర్చొని, తన కడుపున పుట్టని పిల్లలకు వరుసగా పని నేర్పినాడు. కాళహస్తి వ్రాతపని ఈనాడు బ్రతికి ఉన్నదంటే ఆ బడి ముఖ్య కారణము.

ఆయన నేర్పవలసింది ఏమిటో కొంచెము వివరముగా చెప్పనివ్వండి. పట్టుదారము, రంగు, గంజి తెలిసిన ఊళ్ళు మనవి. పక్కనే శిడ్లఘట్టలో పట్టుగూళ్ళ సంత జరుగుతుంది. కాబట్టి మీకు విసుగు పుట్టదని నా ధైర్యము.

మొదట ముతక నూలుగుడ్డను బాగా ఉతికి గంజి వదిలిస్తారు. కరక్కాయ పొడిని చిక్కని బర్రెపాలలో కలిపి అందులో గుడ్డను ముంచి, పిండి, ఎండవేస్తారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకొంటుంది. పాలలోని వెన్న రంగు అటూ ఇటూ పాకకుండా కాపాడుతుంది. పాలు తక్కువైతే గీత చెదిరిపోతుంది. తరువాత చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో బొమ్మ ఆకారము. దానిమీద కలము. ఈ కలము బజారులో కొనేది కాదు. వెదురుపుల్ల మొన చెక్కి, మొనకు కొంచెము పైన ఉన్నిగుడ్డ చుట్టి, దారముతో బిగిస్తారు. ఉన్ని రంగును తాగి పెట్టుకొంటుంది, వేలితో నొక్కినకొద్దీ మొనకు దిగుతుంది. ఎంత నొక్కాలి అనేది పుస్తకములో వ్రాయడానికి లేదు.

నల్లరంగు పేరు కసిం. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లము, నీళ్ళు కుండలో పోసి రెండు మూడు వారాలు పులియబెడతారు. ఆ నీళ్ళు కుండలో నలుపు కాదు, మురికి గోధుమరంగు. కరక్కాయ తాగిన గుడ్డకు తగిలిన తరువాతనే నల్లబడుతుంది. పులుపు చాలకపోతే గీత వెలవెలబోతుంది. ఘాటు ఎక్కువైతే అప్పటికి బాగానే ఉంటుంది, కాని కొన్ని ఏళ్ళు గడిచేసరికి గీత ఉన్నచోటనల్లా గుడ్డ చిరుగుతుంది. చాలా పాత గుడ్డలలో గీతలు పోయి సందులు మిగలడానికి కారణము ఇదే. అనగా గురువు చెప్పిన పాళ్ళు సరియైనవా కావా అనేది శిష్యుడు ముసలివాడైన తరువాతగాని తెలియదు.

ఎరుపు సంగతి ఇంకా విచిత్రము. ఎర్రగా కావలసిన చోటల్లా కలముతో పటికనీరు వ్రాస్తారు. పటికనీటికి చెప్పుకోదగ్గ రంగు లేదు. ఆరిన తరువాత పారే నీళ్ళలో జాడిస్తారు. నీళ్ళు పారుతూనే ఉండాలి, లేకపోతే వదిలిన పటిక పక్కకు అంటుకొని మరక చేస్తుంది. ఆ తరువాత గుడ్డంతా ఎర్రవేళ్ళు వేసిన గంగాళములో ఉడకబెడతారు. పటిక తగిలినచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. మిగిలిన చోట పట్టిన లేతరంగును పేడనీళ్ళలో ఉతికి, ఎండలో పరచి పోగొడతారు. తిరిగి పాలు. తరువాత కరక్కాయ పువ్వుతో పసుపు, నీలిమందుతో నీలము, పసుపుమీద నీలము వేస్తే ఆకుపచ్చ. ఒక్కొక్క రంగుకూ ఉతుకు, ఎండ. ఎండలేని రోజు పని లేదు. రావణునికి కట్టిన ఎర్రబట్ట కంటికి కనబడేసరికి దానిని వ్రాసి చాలా రోజులయి ఉంటుంది.

ఇది కంటితో చూసి పట్టుకొనే విద్య కాదని ఈపాటికి మీకు తెలిసిపోయింది. పక్కన కూర్చోవాలి. పేడనీళ్ళలో చేయి పెట్టాలి. పాలకంపు భరించాలి.

లక్ష్మయ్యగారి కుమారుడు జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి. 1937లో కాళహస్తిలోనే పుట్టినారు. పని తండ్రి దగ్గరనే నేర్చినారు. ఈయన చేసిన గొప్ప పని బొమ్మలు వ్రాయడము ఒక్కటే కాదు, ఆ బొమ్మలను గురించి వ్రాయడము కూడా. ఏ దేవుడికి ఏ ఆయుధము, ఏ ఘట్టము తరువాత ఏ ఘట్టము, ఏ రంగు దేనినుంచి వస్తుంది అనే సంగతులను కాగితముమీద పెట్టినారు. నోటిమాటగా వచ్చిన దానిని పుస్తకము చేయడమంటే ఇంటి తలుపు ఇంకొంచెము తెరవడమే. తండ్రిలాగానే ఈయనా బయటివారికి నేర్పినారు. 2008లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదు ఇచ్చింది. ఆయన కుమారుడు నిరంజన్ కూడా ఈ పనిలోనే పేరు తెచ్చుకొన్నారు. ఇది మూడు తరాల లెక్క.

వంశపారంపర్యము అని మనము సులువుగా అనేస్తాము. నెత్తురులోనే వస్తుందంటాము. నాకు ఈ మాటమీద నమ్మకము లేదు. పటిక ఎంత వేయాలో నెత్తురుకు తెలియదు. ఒక ఇంట్లో పుట్టిన బిడ్డకు ఉన్న లాభమల్లా, రంగులకుండ పొద్దున లేస్తూనే కళ్ళముందు ఉండడము, చెప్పేవాడు పక్కనే ఉండడము. అంతే.

ఈ ఆలోచన సరియేనా అని పరీక్షించడానికి మనకు బొత్తిగా సంబంధము లేని దేశము ఒకటి చూద్దాము. అమెరికాలో తరతరాలుగా బొమ్మలు వ్రాసిన ఇళ్ళలో రెండు మిక్కిలి పేరు పడినవి. మొదటిది పీల్ వారిది. చార్లెస్ విల్సన్ పీల్ 1741లో పుట్టినాడు. మొదట గుర్రపు జీనులు కుట్టే పని నేర్చినవాడు. తరువాత చిత్రకారుడై జార్జి వాషింగ్టనును ఎదుట కూర్చోబెట్టుకొని పలుమార్లు వ్రాసినాడు. తమ్ముడికి నేర్పినాడు, పిల్లలకు నేర్పినాడు. కొడుకులకు రఫేల్, రెంబ్రాంట్, టిషియన్, రూబెన్స్ అని ఐరోపా మహాచిత్రకారుల పేర్లు పెట్టుకొన్నాడు. మనవాళ్ళు సంగీతము రావాలని త్యాగరాజు అని పేరు పెట్టుకోవడము లేదా, అట్లాగన్నమాట. పెద్దకొడుకు రఫేలుకు నిజముగానే గొప్ప చేయి ఉండేది. కాని తండ్రికి మనుషుల ముఖాలు కావాలి, కొడుకుకు పళ్ళూ గిన్నెలూ వ్రాయాలని ఉండేది. తండ్రి మెచ్చలేదు. రఫేల్ పేదరికములో, తాగుడులో చెడి, 1825లో తండ్రికన్న రెండేళ్ళు ముందే చనిపోయినాడు. ఆ పళ్ళ బొమ్మలనే ఈనాడు అమెరికావారు తమ దేశములో ఆ రకపు చిత్రాలకు ఆదిగా చెప్పుకొంటున్నారు. అటు తమ్ముని కూతుళ్ళు ముగ్గురు, ఎవరూ పెద్దగా ఆశ పెట్టుకోని ఆడపిల్లలు, చిత్రకారిణులైనారు. వారిలో సారా అనే ఆమె పెళ్ళి చేసుకోకుండా తన కుంచెమీదనే జీవితమంతా బ్రతికింది.

రెండవ ఇల్లు వైయెత్ వారిది. తాత ఎన్.సి.వైయెత్ 1882లో పుట్టినాడు. హోవర్డు పైల్ అనే గురువు దగ్గర నేర్చినాడు. ఆ పైల్ శిష్యుల దగ్గర జీతము తీసుకొనేవాడు కాదు. 1911లో ‘ట్రెజర్ ఐలండ్’ అనే పిల్లల నవలకు వేసిన బొమ్మల డబ్బుతో వైయెత్ పెన్సిల్వేనియాలో చాడ్స్‌ఫర్డు అనే పల్లెలో నేల కొని ఇల్లు కట్టుకొన్నాడు. ఆ ఇల్లే బడి. కూతుళ్ళు హెన్రియెట్టా, కారొలిన్ చిత్రకారిణులైనారు. ఆయన దగ్గర నేర్వడానికి వచ్చిన ఇద్దరు యువకులు ఆ ఇంటి అల్లుళ్ళే అయినారు. చిన్నకొడుకు ఆండ్రూ ఆరోగ్యము చాలక బడికి పోకుండా ఇంట్లోనే చదువుకొన్నాడు. తండ్రివి తైలవర్ణాలు. కొడుకు చివరకు పట్టుకొన్నది గుడ్డుసొనలో కలిపే రంగులు. అవి నేర్పినది తండ్రి కాదు, బావ పీటర్ హర్డు. 1945లో రైలు పట్టాలమీద కారు ఆగిపోయి, పెద్దాయన చిన్న మనుమడితో సహా మరణించినాడు. ఆ తరువాత ఆండ్రూ చేయి గంభీరమయింది. 1948లో ఆయన వ్రాసిన ‘క్రిస్టినాస్ వరల్డ్’, నడవలేని ఒక స్త్రీ గడ్డిమైదానములో తన ఇంటివైపు పాకుతూ చూసే చిత్రము, అమెరికాలో తెలియనివారు ఉండరు. 2009లో ఆయన పోయినాడు. ఆయన కొడుకు జేమీ పుట్టింది 1946లో. తాతను చూడనే లేదు. అతనికి అక్షరాభ్యాసము చేయించినది మేనత్త కారొలిన్. గుండ్రని బంతులూ చౌకపు పెట్టెలూ నెలల తరబడి వ్రాయించిందట.

ఆ ఇంటిలో నాకు అన్నిటికన్న ఇష్టమైన మనిషి మాత్రము బొమ్మలు వ్రాయనివాడు. ఆండ్రూ అన్న ఒకడున్నాడు. పుట్టినప్పుడు తండ్రి ఆ బిడ్డకు తన పేరే పెట్టుకొన్నాడు. బిడ్డకు బొమ్మలకన్న చక్రాలమీద ధ్యాస ఎక్కువని కనిపెట్టి, ఇంజనీరైన బాబాయి పేరు నథానియేల్ అని మార్చినాడు. కొడుకు ఇంజనీరే అయినాడు. సోడా, కూల్‌డ్రింకులు పోసే ప్లాస్టిక్ సీసాకు 1973లో పేటెంటు పొందినది ఆయనే. ఈ హాలులో ఈ పూట తాగి పారవేసిన సీసాలు ఎన్ని ఉన్నాయో చూడండి, అన్నీ ఆ చిత్రకారుని ఇంటివే. కొడుకు బెంగుళూరులో కంపెనీలో చేరి మన సంగతులేవీ పట్టించుకోడని బాధపడే తండ్రులు ఇక్కడ ఉన్నారు. ఒకడు పేర్లు పెట్టి కొడుకులమీద బరువు మోపినాడు, ఇంకొకడు కొడుకును చూసి పేరు మార్చినాడు. నా ఓటు రెండవవాడికి.

మన రాజమహేంద్రవరములోనూ ఇటువంటి ఇల్లు ఒకటి ఉండేది. దామెర్ల రామారావు 1897లో పుట్టి, ఆర్ట్సు కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర కంటబడి, బొంబాయి వెళ్ళి చదివి వచ్చి, 1925లో మశూచికముతో పోయినాడు. ఇరవై ఎనిమిదేళ్ళు నిండీ నిండని వయస్సు. భార్య సత్యవాణి, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కుంచె పట్టినారు. మిత్రుడు వరదా వెంకటరత్నము ఆ చిత్రకళాశాలను నడిపినాడు. ఆయన చిత్రాలు ఈనాటికీ ఆ ఊరి గ్యాలరీలో ఉన్నాయి. వారసుడంటే ఎవరు అని ఎవరైనా అడిగితే నేను ఈ ముగ్గురినీ చూపిస్తాను.

ఇక మన సంగతి. ఈ ఊళ్ళో తెలుగు పరాయి భాష కాదు. చింతామణి, బాగేపల్లి సీమలో సంతకు పోతే తెలుగే వినబడుతుంది. 1956లో రాష్ట్రాలు ఏర్పడినా, 2007లో కోలారు జిల్లానుంచి చిక్కబళ్ళాపురము విడిపోయినా, ఇళ్ళలో మాట మారలేదు. వ్యాపారానికో ఉద్యోగానికో తరువాత వచ్చిన మన కుటుంబాలకు అందుచేత ఇక్కడ బెంగ పుట్టదు. పుట్టనందువల్లనే ఒక సంగతి మన దృష్టికి రాదు. మాట ఉన్నది, వ్రాత పోతున్నది. పిల్లలు బడిలో కన్నడమూ ఇంగ్లీషూ చదువుతారు. చక్కగా చదవాలి, ఈ నేల భాష అది. కైవారము తాతయ్యను చూడండి. గాజుల మలారము భుజాన వేసుకొని ఊరూరూ తిరిగిన ఆ యోగి తెలుగులోనూ కన్నడములోనూ పాడినాడు. ఆయన తెలుగు పాటలను ఇక్కడివారు కన్నడ లిపిలో అచ్చువేసుకొని, పుస్తకము ముందు పెట్టుకొని తప్పులేకుండా పాడుతున్నారు. దీనిలో నాకు దుఃఖము కనబడదు. కళ్ళు ఒక లిపిలో, నోరు ఒక భాషలో, రెండూ కలిసి ఒక పాటను కాపాడుతున్నాయి. అయినా కాళహస్తి గుడ్డ ముందు మన పిల్లవాడిని నిలబెడితే, నీలిరంగు చూసి రాముడని చెబుతాడు. పట్టీలోని అక్షరాల దగ్గర ఆగిపోతాడు. చదువు రానివారికోసము వేసిన బొమ్మ చదువుకొన్న మన పిల్లలకు పనికివస్తున్నది.

ఏమి చేయాలి అని మీరు అడుగుతారు. నేను ప్రభుత్వానికి అర్జీ పెట్టమని చెప్పను. లక్ష్మయ్యగారు చేసినది మన ఎదుట ఉన్నది. తెలిసినవాడు కూర్చోవాలి, తన పిల్లలతోబాటు పక్కింటి పిల్లలనూ కూర్చోబెట్టుకోవాలి. ఈ సంఘానికి ఒక గది ఉన్నది. ఆదివారము పొద్దున తాళము వేసి ఉంటుంది. తెలుగు అక్షరాలు వ్రాయడము, చదవడము బాగా తెలిసిన అవ్వలూ తాతలూ ఈ సభలో ఉన్నారు. కన్నడ పిల్లలు వచ్చి కూర్చొన్నా కాదనకండి. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళు, కన్నడము వచ్చిన పిల్లవాడికి తెలుగు అక్షరాలు చాలా త్వరగా పట్టుబడతాయి. పదేళ్ళ తరువాత మనకు తెలుగు చదివి వినిపించేది మన మనుమడే కానక్కరలేదు.

కాళహస్తిలో జరిగినది అదే. ఈనాడు అక్కడ కలము పట్టినవారిలో ఆడవారు ఎందరో. తాతలనాడు ఈ పనితో సంబంధము లేని ఇళ్ళవారూ ఉన్నారు. బడి పెట్టకపోతే వారెవరూ లేరు. అక్కడ అంతా బాగున్నదని నేను చెప్పడము లేదు. స్వర్ణముఖిలో నీళ్ళు ఏడాది పొడుగునా పారవు. పటిక జాడించడానికి పారే నీరు కావాలని చెప్పినాను గదా, బోరునీళ్ళతో, తొట్లతో తంటాలు పడుతున్నారు. అంతకన్న పెద్ద దెబ్బ యంత్రపు అచ్చులు. మన అంగళ్ళలో కలంకారీ అని అమ్మే చీరలలో చాలావరకు కలము మొన ఎరుగనివి. తల్లులు ఒకటి గుర్తు పెట్టుకోండి. చేత వ్రాసినదయితే ఒకే పువ్వు పదిచోట్ల ఉన్నా పదీ ఒక్క తీరున ఉండవు, గీత ఒకచోట లావుగా ఒకచోట సన్నగా నడుస్తుంది, కొత్త గుడ్డకు పాలవాసన, కరక్కాయవాసన ఉంటుంది. నెమళ్ళన్నీ అచ్చుగుద్దినట్లు ఒకేలాగ ఉన్నాయంటే అచ్చుగుద్దినవే. వాటిని కొనవద్దని అనను, చౌక, ఉతుక్కోవడము సులువు. వాటికి వ్రాతపని ధర మాత్రము పెట్టకండి.

వచ్చేది ఎండాకాలము, పిల్లలకు సెలవులు. ఎండ ఉన్నప్పుడే అక్కడ పని జోరుగా సాగుతుంది. ఈసారి కాళహస్తికి వెళ్ళినప్పుడు దర్శనమయిన వెంటనే బస్సెక్కకుండా ఒక పూట ఆగండి. అంగడిలో మడతపెట్టిన గుడ్డలు చూపిస్తామంటారు, అవి తరువాత చూడవచ్చు. ముందు పని చేసే చోటికి తీసుకొని పొమ్మని అడగండి. కసిం కుండ మూత తీసి పిల్లలకు వాసన చూపించండి, ముక్కు మూసుకొంటారు, పరవాలేదు. అడిగితే ఎవరో ఒకరు కలము చేతికిచ్చి ఒక గీత గీయమంటారు. ఆ గీత కుదురుగా రాదు. మీ పిల్లవాడు రెండవ గీత గీస్తానని అడుగుతాడో, లేక గంగాళము కింద మంట ఎట్లా పెట్టినారని వంగి చూస్తాడో గమనించండి.